భుజం కింది ముడి కోసం పట్టిసీమ దాకా

నా కుడి భుజం ఎముక కింద కండ ముడిపడి పదేళ్ళయింది. కాకినాడలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. రోజంతా బోర్డు మీద రాసి ఇంటికి వస్తే, మా ఆయన వెనక కూర్చుని సరిగ్గా ఆ చోట బొటనవేలు ఆనించి, నేను ఊపిరి వదిలేదాకా తీసేవారు కాదు. ఆయన పోయి రెండేళ్ళు కావస్తోంది. ఆ తర్వాత మాత్రలు, పూతమందులు అన్నీ వాడాను. ఈమధ్య చెయ్యి బోర్డు పైవరుస దాకా లేవడం మానేసింది. పట్టిసీమ దగ్గర ట్రిగ్గర్ పాయింట్ మసాజ్, అంటే కండ ముడిని నొక్కి వదిలించే వైద్యం, చేసే ఫిజియోథెరపిస్ట్ ఉన్నారని తోటి లెక్చరర్ చెబితే బయలుదేరాను.

ఆదివారం ఉదయం ఆరింటికి బస్సెక్కితే ఎనిమిది దాటాక రాజమండ్రి. అక్కడ ఒక పెసరట్టు తిని, కొవ్వూరు మీదుగా పోలవరం వెళ్ళే బస్సు పట్టుకున్నాను. టికెట్టు అరవై దాకా అవుతుంది, ప్రయాణం గంటంపావు. కుడివైపు కూర్చుంటే గోదావరి కనిపిస్తూ ఉంటుంది. పక్కసీటు ఖాళీగా ఉన్నా నేను కిటికీ వైపే ఒదిగి కూర్చున్నాను. అది పాత అలవాటు.

పట్టిసీమలో దిగగానే ఆటో అతను నా వాలకం చూసి, "సుజాత గారి దగ్గరికాండీ?" అన్నాడు. "మా ఆవిడ కూడా వెళ్ళిందండి. వెళ్ళినప్పుడు ఏడ్చింది, వచ్చేటప్పుడు నా ఆటోలోనే నిద్రపోయింది."

సుజాత గారికి యాభై ఏళ్ళుంటాయి. నన్ను బల్ల మీద బోర్లా పడుకోబెట్టి వీపంతా వేళ్ళతో తడిమారు. ఒకచోట ఆగి నొక్కారు.

"నొప్పి ఎక్కడికి పాకుతోందండీ?"

"ఉంగరం వేలి దాకా."

"అయితే ఇదేనండి. బిగదీయకండి, నెమ్మదిగా ఊపిరి వదలండి."

నిమిషంపాటు ఆ వేలు కదల్లేదు. నా కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. ఆవిడ చెయ్యి తీసేశారు. "బాగా నొప్పిగా ఉందాండీ?"

"నొప్పికి కాదండి. ఈ చోటు మా ఆయనకొక్కరికే తెలుసు."

"ఇంట్లోనే ఉన్నారాండీ?"

"లేరండి. పోయారు."

ఆవిడ బొటనవేలు మళ్ళీ అక్కడే ఆనించి, "ఊపిరి వదలండి" అన్నారు.

నలభై నిమిషాల తర్వాత వేడి కాపడం పెట్టారు. లేచి చెయ్యెత్తితే చెవి దాటి పైకి వెళ్ళింది. ఫీజు ఐదువందలు.

రేవు దగ్గర ఒక గంట కూర్చున్నాను. ఏటి మధ్యన కొండ మీది గుడికి పడవలు వెళ్తున్నాయి. నేను ఎక్కలేదు. వీపు తేలికైపోయింది. ఆ తేలిక నాకు కొత్తగా, కొంచెం భయంగా ఉంది. నొప్పి ఉన్నన్నాళ్ళూ ఆయన చేతిని ఎక్కడ వెతుక్కోవాలో నా ఒంటికి తెలిసేది. ఇకమీదట ఎక్కడ వెతుక్కుంటానో తెలియదు.

మీరు వెళ్ళేట్టయితే ఇంట్లోవాళ్ళనొకరిని వెంట తీసుకెళ్ళండి. మళ్ళీ పట్టేస్తే ఎక్కడ, ఎంతసేపు నొక్కాలో సుజాత గారు వాళ్ళ బొటనవేలు పట్టుకుని మరీ చూపిస్తారు. నేను ఒంటరిగా వెళ్ళాను కాబట్టి, ఒక టెన్నిస్ బంతి ఇచ్చి గోడకు ఆనించి నొక్కుకోమన్నారు.