మా కింది ఇంటి దర్వాజబాన్

దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ కిటికీ పక్కన చలి కొడుతుంది, ఇటు హీటర్ వైపు రండి. టీ పోసి పెట్టాను, చల్లారేలోగా తాగండి. పోయిన వేసవిలో మా కెమ్నిట్జ్‌లో జరిగిన ముచ్చట ఒకటి మీకు చెప్పాలి. తలచుకుంటే ఇప్పటికీ నా కాళ్ళు నేల మీద నిలవవు.

నేను ఐదో తరగతితో బడి మానేసిన దాన్ని. కరీంనగర్ పక్క పల్లె నుంచి, పెళ్ళి కాగానే మా ఆయన వెంట ఈ జర్మనీకి వచ్చి పడ్డాను. ఆయన మిషన్లు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. జర్మన్ నేను పుస్తకంలో నేర్చుకోలేదు, మా బిల్డింగు మెట్ల మీద నేర్చుకున్నాను. నేర్పింది కింది అంతస్తులో ఉండే ముసలాయన. ఆయనా ఈ దేశం మనిషి కాదు, ఉజ్బెకిస్తాన్‌లోని తాష్కెంట్ వాడు. భార్య తరఫు పెద్దలు ఎప్పటివాళ్ళో జర్మన్లు కావడంతో కుటుంబమంతా ఇటు వచ్చి స్థిరపడింది. ఆవిడ కాలం చేశాక ఒక్కడే ఉంటున్నాడు.

నేను ఆయనను కాకా అని పిలుస్తాను. మా వైపు నాన్న తమ్ముణ్ణి అలాగే పిలుస్తాం. వాళ్ళ భాషలో అన్నను అకా అంటారట, అందుకని ఆయనకూ ఆ పిలుపు నచ్చింది. ఒక్కటే చిక్కు. జర్మన్‌లో చంటిపిల్లలు దొడ్డికి వెళ్ళడాన్ని కాకా అంటారు. నేను పైనుంచి "కాకా!" అని కేకేసినప్పుడల్లా ఎదురింటి పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వేవారు. ఎందుకు నవ్వుతున్నారో తెలిసేసరికి ఏళ్ళు గడిచాయి. సిగ్గుపడి మానేస్తానంటే ఆయనే ఒప్పుకోలేదు.

"సైన్యంలో నన్ను ఇంతకన్నా ఘోరంగా పిలిచారులే అమ్మాయ్. నువ్వు అలాగే పిలువు," అన్నాడు.

ఆ సైన్యం సోవియట్ సైన్యం. కుర్రతనంలో ఆయన సిపాయిగా ఉన్నది ఈ ఊళ్ళోనే. అప్పుడిది తూర్పు జర్మనీ, ఊరి అంచున వాళ్ళ బ్యారక్‌లు ఉండేవి. అక్కడ ఏం చేసేవాడివని అడిగితే ఛాతీ విరిచి, వాళ్ళ భాషలో "దర్వాజబాన్" అనేవాడు. దాన్ని జర్మన్‌లో చెప్పమని అడగాల్సిన అవసరమే నాకు రాలేదు. దర్వాజ మా ఇంటి మాటే కదా! దర్వాజ దగ్గర నిలబడే మనిషి, అంటే గేటు కాపలా. "నా దర్వాజలోంచి దేన్నీ పోనిచ్చేవాణ్ణి కాదు," అంటే ఎంత నమ్మకస్థుడో అనుకున్నాను. మోకాళ్ళ నొప్పులంటే, పాపం మంచులో గేటు దగ్గర నిలబడీ నిలబడీ వచ్చాయనుకున్నాను. చలికాలం వస్తే చాలు, జాలిపడి మిరియాల చారు గిన్నెలో పోసి పంపేదాన్ని.

పోయిన వసంతంలో ఒక సాయంత్రం ఆయన మా తలుపు తట్టాడు. మెట్లెక్కి వచ్చిన ఆయాసం, దానికి తోడు కోపం.

"ట్రాము స్టాపు దగ్గర పోస్టరు చూశావా? మన పేట మైదానానికి పండగ చేస్తున్నారు. అక్కడ ఆడిన పాత జట్లన్నీ మళ్ళీ వచ్చి ఆడాలట. ఫ్యాక్టరీ జట్టు పేరుంది, రైల్వే జట్టు పేరుంది, బేకరీవాళ్ళ జట్టు పేరు కూడా ఉంది. మా జట్టు పేరు లేదు!"

"మీదేం జట్టు కాకా? గేటు కాడ కాపలా ఉండెటోళ్ళకు సుత జట్టుంటదా?" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. నేను ఆయన మొహంలోకి చూశాను. సోఫాలో కూర్చున్న మా ఆయనకు ముందు వెలిగింది.

"ఓ పిచ్చిదానా! దర్వాజ అంటే గోల్! ఆయన గోల్‌కీపర్ అట. ఇన్నేండ్ల సంది వాచ్‌మన్ అనుకుంటున్నవా?" అని పడీ పడీ నవ్వాడు. కాకాకు విషయం తెలిశాక ఆయన ఇంకా ఎక్కువ నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, "మరి ఆ చారు ఎవరికి పంపావు? కాపలావాడికా, ఆటగాడికా?" అని అడిగాడు.

ఆ రోజు మా వంటింట్లో ఆయన చెప్పిన చరిత్ర వినాల్సిందే. మాస్కోలో సైన్యానికి పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బు ఉండేదట. దేశంలో ఏ మూల ఏ కుర్రాడు బాగా ఆడినా సైన్యం నుంచి పిలుపు వచ్చేదట, తుపాకీ పట్టించడానికి కాదు, బంతి తన్నించడానికి. ఒకసారి దేశం పెద్ద పోటీలో ఓడిపోతే ఆ కోపమంతా ఈ క్లబ్బు మీద చూపించి, పైనుంచి హుకుం జారీ చేసి జట్టునే లేకుండా చేశారట. కొన్నాళ్ళకు అదే జట్టు మళ్ళీ లేచి నిలబడింది. అది పెద్దన్న. సోవియట్ సైన్యం ఎక్కడ మకాం వేస్తే అక్కడ దానికో తమ్ముడు పుట్టేవాడు. మా పేటలో పుట్టిన తమ్ముడికి కాకా గోల్‌కీపర్.

"మైదానం మేమే చదును చేసుకున్నాం. రాళ్ళు ఏరి ఏరి వేళ్ళు పగిలేవి. సైన్యం ఇచ్చిన తెల్ల బనీన్లను వంటశాల గంగాళంలో ఎర్ర రంగు వేసి ఉడికించేవాళ్ళం. వాన పడితే రంగు కారేది. ఒకసారి ఆట అయ్యేసరికి మేమూ గులాబీ రంగే, మమ్మల్ని తాకిన ఫ్యాక్టరీవాళ్ళూ గులాబీ రంగే. ఎవరు ఎవరికి బంతి ఇస్తున్నారో రిఫరీకి కూడా అంతుపట్టలేదు!"

"అందరు నీ ఊరోళ్ళేనా కాకా?"

"ఎక్కడ! ఒకడు ఒడెస్సా, ఒకడు యెరెవాన్, ఒకడు రీగా, ఒకడు మిన్స్క్. ఒకడి మాట ఒకడికి సగమే అర్థమయ్యేది. రెండేళ్ళ నౌకరీ తీరితే ఇంటికి పోవడమే. ఎప్పుడు చూసినా సగం జట్టు కొత్తది, సగం జట్టు మూట కట్టుకుంటున్నది."

"మరి రోజుకో మనిషి మారితే అది ఒక్కటే జట్టని ఎట్లంటవ్?"

"నువ్వెక్కే ట్రాములో రోజూ మనుషులు మారతారు. ట్రాము నంబరు మారుతుందా?"

ఆటలున్న రోజున తప్ప సిపాయిలు గోడ దాటే వీల్లేదట. ఈ ఊరిని కాకా తన రెండు గోల్ స్తంభాల మధ్య నుంచే చూశాడు. సైన్యం వెళ్ళిపోయింది, బ్యారక్‌లు పడగొట్టి ఇళ్ళు కట్టారు. ఆ జట్టు ఆడిందని చెప్పడానికి ఊళ్ళో మిగిలింది ఆయన ఒక్కడే.

"ఒక్కసారి మైకులో పిలవాలి. పదకొండు మంది నిలబడాలి. నేను దర్వాజలో ఉండాలి. అంతే అమ్మాయ్. లేకపోతే నాతోపాటే అదీ పోతుంది," అన్నాడు. ఈసారి నవ్వడం లేదు.

మర్నాడే ఇద్దరం ఫెరైన్‌కు వెళ్ళాం. ఫెరైన్ అంటే పేట క్లబ్బు. దాని పెద్ద ఒకావిడ, మర్యాద తెలిసిన మనిషి. కుర్చీలు వేసి కూర్చోబెట్టి, మొత్తం విని, తల అడ్డంగా ఊపింది.

"ఈ రోజుల్లో ఆ సైన్యం పేరు మైకులో ఎలా పిలవమంటారు? మా పిల్లల జట్లలో యుద్ధం తప్పించుకుని ఉక్రెయిన్ నుంచి వచ్చిన పిల్లలున్నారు. వాళ్ళ తల్లులు ఆ బెంచీల మీదే కూర్చుంటారు."

ఆవిడ మాటను తప్పనలేం కదా. కాకా, "అయితే వాళ్ళనే అడుగుతాను," అని లేచాడు.

పిల్లలు ఆడుకునే సాయంత్రం చూసుకుని వెళ్ళాం. ఉత్త చేతులతో పోవడం నాకు అలవాటు లేదు, సకినాల డబ్బా తీసుకెళ్ళాను. బెంచీ మీద తల్లులు వరుసగా కూర్చున్నారు. కాకా టోపీ తీసి చేతిలో పట్టుకుని రష్యన్‌లో మొదలుపెట్టాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, వాళ్ళ మొహాలే చూస్తూ నిలబడ్డాను. మొదట ఎవరూ ఆయన వైపు తిరగలేదు. ఒడెస్సా ఉక్రెయిన్ ఊరేనట, ఆ మాట వినగానే చివరన కూర్చున్న పొడుగాటి ఆమె తలెత్తింది. ఏదో అడిగింది. ఆయన చెప్పాడు. మళ్ళీ అడిగింది. చివరికి ఆమె వేలు చూపిస్తూ గట్టిగా ఏదో చెప్పింది.

"ఏమంటది కాకా? తిడుతుందా?"

"వాళ్ళది ఒడెస్సాయేనట. షరతులు పెడుతోంది. సైన్యపు నక్షత్రం గుర్తు వద్దంది. సైన్యం అన్న మాట వద్దంది. బ్యారక్‌ల జట్టు అని పిలిచి, ఎవరు ఏ ఊరి నుంచి వచ్చి ఆడారో ఆ ఊళ్ళు చదవమంది. ఒడెస్సా ముందు చదవాలట."

"నువ్వేమన్నవ్?"

"ముందే చదువుతారు, మా ఒడెస్సా వాడు ఎప్పుడూ అందరికన్నా ముందే ఉండేవాడు, ఆఫ్‌సైడ్‌లో, అన్నాను."

అవతలి జట్టును దాటి ముందే పోయి నిలబడడం ఆఫ్‌సైడ్, అది ఆటలో తప్పట. ఆ మాటకే ఆమె నవ్వు ఆపుకోలేక మొహం అటు తిప్పుకుంది. సకినం మాత్రం తీసుకుంది. తల్లులే ఒప్పుకున్నాక ఫెరైన్ పెద్దావిడా సరేనంది, మైకు సంగతి తేలిపోయింది!

ఇక పదకొండు మంది కావాలి. నా దగ్గర మనుషులకు కొదవా? ఇక్కడి యూనివర్సిటీలో చదివే మన పిల్లలు ఆదివారం వస్తే మా ఇంట్లోనే తింటారు. ఆ ఆదివారం అన్నం వడ్డించకముందే విషయం చెప్పేశాను.

"పెద్దమ్మా, మేం క్రికెట్ ఆడెటోళ్ళం," అన్నాడు వరంగల్ అబ్బాయి.

"అదీ బాలే, ఇదీ బాలే. గుండ్రంగనే ఉంటది, పో," అన్నాను.

హైదరాబాద్ పాతబస్తీ అబ్బాయి కాకా చేయి పట్టుకుని ఊపేశాడు. "దర్వాజబాన్! క్యా బాత్ హై చాచా! మా అమ్మీకి చెప్తే ఏ బ్యాంకుల నౌకరీ అంటది," అన్నాడు. చూశారా, నేనొక్కదాన్నే కాదు! ఇంకా ఒకరు తగ్గితే మా ఆయనను నిలబెట్టాం.

ఎర్ర బనీన్లు కొన్నాం. కాకా పాత బనీను ఒకటి పెట్టెలోంచి తీశాడు, ఛాతీ మీద నక్షత్రం. దాని మీద కప్పి కుట్టడానికి నారింజ రంగు గుడ్డను రేకులు రేకులుగా కత్తిరించాను.

"ఇదేం పువ్వు?"

"బంతి. మా భాషల పువ్వూ బంతే, మీరు తన్నేదీ బంతే."

ఆయన ఎగిరి గంతేయడం ఒక్కటే తక్కువ. "అయితే అందరికీ కుట్టు!" అన్నాడు. చేతులు నొప్పి పుట్టేదాకా కుట్టాను.

పండగ రోజు మైదానం చుట్టూ జనం. మైకు గరగరమంది. "బ్యారక్‌ల జట్టు!" అని పిలిచారు. ఒడెస్సా అన్నారు, యెరెవాన్ అన్నారు, రీగా, మిన్స్క్, తాష్కెంట్ అన్నారు. ఆ వెంటనే వరంగల్, హైదరాబాద్, గుంటూరు! నాలుక మడతపడి "కారిమ్నాగార్" అన్నారు, నేను లేచి ఈల వేశాను. మా ఆయన పొట్ట చూసి రిఫరీ, ఆటకు ఒక బంతే చాలండీ అన్నాడు.

ఆట మొదలైంది. అటువైపు ఫ్యాక్టరీ జట్టు, నలభై దాటినవాళ్ళు, కానీ కాళ్ళు మాత్రం కత్తెర్లలా ఆడుతున్నాయి. మనవాళ్ళు ఎటు పరిగెడుతున్నారో వాళ్ళకే తెలియదు. వరంగల్ అబ్బాయి అందరికన్నా ముందుకు పోయి ఒంటరిగా నిలబడ్డాడు. బెంచీ మీద నుంచి ఒడెస్సా ఆమె ఏదో అరిచింది. "మా వాడే మళ్ళీ పుట్టాడంటోంది!" అని కాకా గోల్‌లోంచి నాకు అరిచి చెప్పాడు. రెండుసార్లు ఆయన బంతిని కాలితో ఆపాడు. ఆపినప్పుడల్లా నేను గొంతు చించుకున్నాను.

అప్పుడు మన గోల్ ముందు బంతి గాల్లోకి లేచింది. గుంటూరు అబ్బాయి వెనక్కి వెనక్కి పరిగెత్తాడు, ఎగిరాడు, రెండు చేతులతో ఒడిసి పట్టాడు, పైకెత్తి చూపించి "అవుట్!" అని అరిచాడు. మైదానమంతా చెట్ల మీద పిట్టలు లేచిపోయేంత నవ్వు.

"అత్తో, చేతులు వాటంతట అవే ఎళ్ళిపోయినయ్!" అని వాడు నెత్తి బాదుకున్నాడు.

బంతిని చేత్తో పట్టినందుకు పెనాల్టీ ఇచ్చారు. ఇక కాకా ఒక్కడు, ఎదురుగా ఫ్యాక్టరీ జట్టు కెప్టెన్ ఒక్కడు. నేను మా బిల్డింగు పిల్లల చేతులు పట్టుకుని బిగుసుకుపోయాను. కెప్టెన్ మంచివాడు. ముసలాయన మోకాళ్ళు చూశాడు కాబోలు, బంతిని మెల్లగా, చంటిపిల్లకు దొర్లించినట్టు దొర్లించాడు. అది వచ్చి కాకా పాదాల దగ్గర ఆగింది. జనమంతా చప్పట్లు కొట్టారు.

కాకాకు ఆ చప్పట్లు నచ్చలేదు. మొహం ఎర్రబడింది. బంతిని చంకన పెట్టుకుని ఆ కెప్టెన్ దగ్గరికి నడిచాడు.

"ఇదేమిటి? నన్ను చూడ్డానికి ఆసుపత్రికి వచ్చావా? ఇది జట్టు. జట్టును ఆడినట్టు ఆడు. గట్టిగా కొట్టు!"

కెప్టెన్ రిఫరీ వైపు చూశాడు. రిఫరీ నవ్వి మళ్ళీ కొట్టమన్నాడు. కాకా వెనక్కి వెళ్ళి, చేతులు చాచి, మోకాళ్ళు వంచి నిలబడ్డాడు. కెప్టెన్ ఈసారి నాలుగడుగులు వెనక్కి వేశాడు. పరిగెత్తి వచ్చి కొట్టిన దెబ్బకు చప్పుడు నా చెవుల్లో మోగింది. కాకా కుడివైపుకు దూకాడు. దూకాడండీ, ఆ వయసులో! వేళ్ళ చివర తగిలింది కూడా. బంతి ఆగలేదు, వల ఊగింది.

నేను చెప్పులు వదిలేసి మైదానంలోకి పరిగెత్తాను. ఆయన గడ్డిలో వెల్లకిలా పడి ఉన్నాడు. బంతిపువ్వుకంతా మట్టి. ఒళ్ళంతా కదిలేలా నవ్వుతున్నాడు.

"చూశావా అమ్మాయ్! గోల్! మాకు కొట్టారు! నిజంగా కొట్టారు!"

"దెబ్బ తాకిందా కాకా? లేస్తవా?"

"ఆగు, బోర్డు మీద వేయనీ. అది చూసి లేస్తాను."

బోర్డు దగ్గరి మనిషి ఫ్యాక్టరీ పేరు పక్కన ఒకటి పెట్టాడు. దాని కింద బ్యారక్‌ల జట్టు, సున్నా. కాకా మోచేతుల మీద లేచి ఆ సున్నాను తృప్తిగా చూసుకున్నాడు. ఆ తర్వాతే కెప్టెన్ చేయి అందుకుని నిలబడి, గ్లవ్స్ దులుపుకుని, "ఏం చూస్తున్నారు? ఆట అవ్వలేదు!" అని మనవాళ్ళ మీద కేకలేశాడు. చివరికి ఎన్ని గోల్స్‌తో ఓడామో అడగకండి, ఆయన మాత్రం ఒక్కొక్కటీ ఎలా పడిందో ఇప్పటికీ మెట్ల మీద నిలబెట్టి వినిపిస్తాడు.

ఇంతసేపు ఓపికగా విన్నారు, మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పెద్దల మోకాళ్ళు గట్టిగా, మీ పిల్లల గొంతులు గలగలా ఉండాలి. మీ వాళ్ళు ఏ దేశంలో ఉన్నా వేళకు కడుపునిండా తిని, పక్కన కూర్చుని నవ్వే మనిషి ఒకరు దొరికి, సుఖంగా ఉండాలి.