మా తోడికోడలూ, ఆమె గూఢచారులూ

మా తోడికోడలు మొన్న ఆదివారం నూజివీడు ఆసుపత్రిలో పోయింది. గుండెపోటు. మా రెండిళ్లకీ మధ్య ఉన్నది ఒక్క గోడే. అయినా ఆ కబురు నాకు ముసునూరులో ఉన్న మా ఆడపడుచు ఫోన్ చేసి చెబితే తెలిసింది. చుట్టాలందరికీ చెప్పుకుంటూ వచ్చినవాళ్లు నన్ను మరిచిపోయారో, మానేశారో. పోయినావిడ గురించి ఇలా మొదలుపెట్టానేమిటని మీకు అనిపించవచ్చు. ఆవిడ బతికుండి చదివినా నేను ఇలాగే రాసేదాన్ని.

ఆవిడని అక్కా అనే పిలిచేదాన్ని. ప్రేమగా పిలిచిన రోజులు తక్కువ. పేరంటంలో ఎవరైనా నా చీర బాగుందంటే, "రెండుసార్లు తడిస్తే రంగు వెలిసిపోతుంది, చూడండి" అనేది. నేనూ ఊరుకునే రకం కాదు. ఆవిడ పెట్టిన ఆవకాయలో ఉప్పు చాలదని ఆవిడ వినేట్టే చెప్పేదాన్ని.

ఆవిడకి ప్రాణం ఒక గూఢచారి సీరియల్. హిందీ నుంచి డబ్బింగ్ అయి సాయంత్రం పూట వచ్చేది. మారువేషాలు, చచ్చాడనుకున్నవాడు లేచి రావడం, ఆఫీసులోనే ఎవరో దేశ రహస్యాలు అమ్మేస్తుండటం. ఊరగాయకి మామిడికాయలు ముక్కలు కొడుతూ చూసేది. ఆ గూఢచారుల ఆఫీసుకి పెద్దగా ఉన్నాయన తెర మీదికి రాగానే కత్తి ఆపేది. "ఆయన దేవుడు. ఆయనే లేకపోతే దేశం ఎప్పుడో పోయేది" అనేది. ఆయన కింద పనిచేసే ఒకమ్మాయి మీద మాత్రం మొదట్నించీ అనుమానం.

ఆ రోజుల్లోనే ఆవిడ కూతురికి బాపులపాడు సంబంధం కుదిరి తప్పిపోయింది. పిల్లకి చిన్నప్పుడు మూర్ఛ వచ్చేదని మగపెళ్లివారికి ఎవరో చెప్పారు. అక్క నేరుగా మా వంటింట్లోకి వచ్చింది.

"నువ్వు కాక ఇంకెవరికి తెలుసే ఆ సంగతి?"

"వైద్యం చేసినాయనకి తెలుసు. మీ పుట్టింటివాళ్లకి తెలుసు. నేనే దొరికానా అక్కా?"

"దొరికిపోయినవాళ్లందరూ ఇదే అంటారు. రోజూ చూస్తూనే ఉన్నాగా టీవీలో!"

పెరట్లో రెండిళ్ల మధ్య ఉన్న తలుపుకి ఆ సాయంత్రమే మేకులు కొట్టించింది. అప్పట్నించీ టీవీలో ఆ అమ్మాయి కనబడినప్పుడల్లా, "లోపలి మాట బయటికి మోసేదానా, నీ నోరు పడిపోను!" అని గోడ ఇవతలికి వినబడేట్టు అరిచేది. ఆ తిట్టు ఎవరికో నాకు తెలుసు. నేను మా టీవీలో భక్తి పాటలు పెద్దగా పెట్టేదాన్ని.

తర్వాత ఆ కథ తిరగబడింది. ఆ అమ్మాయి ఏ పాపమూ ఎరగదు. దేశాన్ని అమ్మినవాడు అక్క దేవుడన్న ఆ పెద్దమనిషే. గోడ అవతల టీవీ టక్కున ఆగిపోయింది. కొన్నాళ్లపాటు మళ్లీ మోగలేదు.

ఒక మధ్యాహ్నం అక్క మా గుమ్మంలో వచ్చి నిలబడింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"మా అన్నయ్యే" అంది. "ఆ సీరియల్ అలా అయ్యాక నా మనసు ఊరుకోలేదు. వెళ్లి నిలదీశాను. పెళ్లయ్యాక తెలిస్తే పిల్ల బతుకేమవుతుందని తనే చెప్పాడట. నాతో ఒక్క మాట అనకుండా! నా ఇంటి ఛాయలకి రావద్దని చెప్పొచ్చాను."

"నేను కాదని చెప్పానుగా."

"చెప్పావు. నువ్వు చెప్పే తీరుకి ఎవరు నమ్ముతారు?"

అంతే. తప్పయిందని ఆవిడ అనలేదు. లోపలికి రమ్మని నేనూ అనలేదు.

ఆ సీరియల్ ఇక తన ఇంట్లో పెట్టనని ఒట్టేసుకుంది కాబట్టి రోజూ మా ఇంటికి వచ్చి చూడటం మొదలుపెట్టింది. పిలవకుండానే. కుర్చీ వేస్తే కూర్చునేది కాదు, గుమ్మం దగ్గరే చతికిలబడేది. తెర మీద ఎవరు కన్నీళ్లు పెట్టుకున్నా, "నటించు, బాగా నటించు" అనేది. "ఇన్నాళ్లూ వాడికి నాచేత దండం పెట్టించావు కదరా!" అని కథ రాసినవాణ్ణి తిట్టేది. నేనూ నాలుగు కలిపేదాన్ని. మా ఇద్దరికీ కుదిరింది ఆ ఒక్క పనే.

జి. కొండూరు నుంచి ఇంకో సంబంధం వచ్చినప్పుడు నాకు కబురు పెట్టింది. "నువ్వు ఎదురుగా కూర్చో. రేపు మళ్లీ నిన్ను అనాల్సి రాకుండా" అంది. వచ్చినవాళ్లకి కాఫీలు ఇవ్వకముందే చెప్పేసింది. "మా పిల్లకి చిన్నప్పుడు మూర్ఛ వచ్చేదండీ. మందులతో తగ్గింది. ఇంకెవరో మీ చెవిన వెయ్యకముందే తల్లిని, నేను చెబుతున్నాను." ఆవిడ మీద నాకు గౌరవం కలిగింది ఆ ఒక్క రోజే. అది మాత్రం ఇప్పటికీ తగ్గలేదు. ఆ పెళ్లి జరిగింది. పిల్ల బాగుంది.

అన్నగారితో మాత్రం చివరిదాకా మాట్లాడలేదు.

అక్కని వాకిట్లో పడుకోబెట్టిన రోజు ఆయన వచ్చాడు, చంకలో పుట్టింటి చీర పొట్లంతో. గేటు దాటలేదు. మామిడికాయల ట్రాక్టర్లు వెళుతుంటే పక్కకి తప్పుకుంటూ, మళ్లీ అక్కడికే వచ్చి నిలబడుతున్నాడు. మా బావగారు తలెత్తలేదు. నేనూ పిలవలేదు. నేను పడిన మాటలన్నీ ఆయన పడాల్సినవి. చివరికి అక్క కూతురే లేచి వెళ్లి, మేనమామ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. ఆయన వంగి చెల్లెలి మీద చీర కప్పాడు. కొత్త చీర మడతలు గట్టిగా, లేచినవి లేచినట్టే ఉన్నాయి. ఆ పిల్ల ఒక పక్కా ఆయన ఒక పక్కా కూర్చుని, వాటిని అరచేతులతో సాపు చేస్తూ ఉండిపోయారు.