లీలారాణి టీచరు బాగుందన్న వీడియో

మా మేనత్త లీలారాణి కొత్తవలసలో జాకెట్లు కుట్టేది. ఆదివారం వస్తే మా బాప్టిస్టు చర్చిలో సండే స్కూలు టీచరు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకి "కుదర్లేదు" అని చెప్పి సూదిలో దారం ఎక్కించుకునేది. నేను పుట్టకముందు నుంచీ ఆ సండే స్కూలు ఆవిడదే. మా సంఘంలో సగంమంది దావీదు కథా, యోనా కథా ఆవిడ నోటినుంచి విన్నవాళ్ళే. ఆ తరగతి తప్ప నాది అనుకోడానికి ఆవిడకి ఇంకేమీ లేదు. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, మావాళ్ళు ఆవిడ దగ్గర లాక్కున్నది సరిగ్గా అదే.

నెట్టు చవకైపోయి ఇంటింటికీ టచ్ ఫోను వచ్చిన రోజులవి. వంట చేసుకోవాలన్నా, ప్రార్థన కూడికలో కూర్చోవాలన్నా తల్లులు పిల్లల చేతిలో ఫోను పెట్టేవారు. ఒక ఆదివారం ఆరాధన మధ్యలో ఓ పిల్లాడు తుపాకీల ఆట ఆడుతుంటే, అవతల ఆడుతున్న ఎవడో ఫోనులోంచి పచ్చి బూతు తిట్టాడు. పాస్టరుగారు ప్రసంగం ఆపేశారు. ఆ వారమే సంఘ పెద్దలు కూర్చుని, ఇకమీదట పిల్లలకి ఏ ఆట ఇవ్వాలన్నా, ఏ వీడియో ఇవ్వాలన్నా ముందు లీలారాణి టీచరుకి చూపించాలని తీర్మానం చేశారు. అసలు ఫోనే ఇవ్వొద్దని మాత్రం ఒక్కరూ అనలేదు. వాళ్ళ ఇళ్ళలోనూ పిల్లలున్నారు మరి.

అత్త పొంగిపోయింది. నాకు ఒళ్ళు మండింది.

"నీకెందుకత్తా ఈ తలనొప్పి?" అన్నాను.

"నమ్మి అప్పగించినార్రా. కాదంటానేటి?" అంది.

సాయంత్రమయ్యేసరికి తల్లులు ఫోన్లు పట్టుకుని వచ్చేవారు. అత్త ఫోనుని కుట్టుమిషను మీద నిలబెట్టించి, కుట్టుకుంటూనే వినేది. వినేది అనే అంటున్నాను. కళ్ళు కుట్టుమీద, చెవులు ఫోను మీద. మా ఇళ్ళలో సినిమా అంటే పాపం. కాబట్టి అందులో సినిమా బాణీ ఉందా, బూతుమాట ఉందా అని వినేది. మధ్యలో ఓసారి తలెత్తి, అందులోవాళ్ళు ఒంటినిండా బట్టలేసుకున్నారో లేదో చూసేది. అదే పరీక్ష. బుడగలు పగలగొట్టే ఆటని, దాని సంగీతం ఏదో సినిమా పాటలా ఉందని కొట్టేసింది. పాచికలేసి గళ్ళు దాటే ఆటనైతే గుమ్మం తొక్కనివ్వలేదు.

"సిలువ కింద ప్రభువు అంగీ కోసం సిపాయిలు ఇలాగే పందెమేసుకున్నారు. ఆ పని మన గుంటలు సేస్తారేటి?" అంది. తల్లులు తలలాడించారు.

కాగితాలతో పూలు, ఖాళీ సీసాలతో బొమ్మలు చేసి చూపించే వీడియోలంటే మాత్రం ఆవిడకి ఎంతో ఇష్టం. వాటిలో మాటలుండవు. రెండు చేతులు పనిచేస్తుంటాయి, వెనకాల పిల్లనగ్రోవి వినిపిస్తుంటుంది. "సేతిపని నేర్పతాది, మంచిదే" అనేది.

రెండువేల పద్దెనిమిది క్రిస్మస్ ముందు గ్లోరీ అలాంటిదే ఒకటి తెచ్చింది. గ్లోరీ జూట్ మిల్లులో పనిచేస్తుంది. మొగుడు లారీ డ్రైవరు, ఇంట్లో ఉండేది తక్కువ. కూతురు శాంతి నాలుగో తరగతి. కొవ్వొత్తుల ఆరాధనకి తన చేత్తో చేసిన కొవ్వొత్తే తెస్తానని ఆ పిల్ల పట్టుబట్టింది. మిగిలిపోయిన మైనం ముక్కలు కరిగించి, రంగు కలిపి, గ్లాసులో పోసే వీడియో అది. అత్త హుక్కులు కుడుతూ మొత్తం వింది. చక్కగా ఉందంది. ఆ రెండు చేతులూ గిన్నెని పొయ్యిమీద పెట్టడం ఆవిడ చూడలేదు. పాపం కోసం వెతుకుతున్న మనిషికి నిప్పు కనపడలేదు. గ్లోరీ అయితే పాపమూ వెతకలేదు, నిప్పూ వెతకలేదు.

మర్నాడు గ్లోరీ మిల్లుకి పోయింది. శాంతి గ్యాసు వెలిగించి గిన్నెలో మైనం వేసింది. అది కరిగేలోపు ఫోనులో ఇంకో వీడియో మొదలైతే చూస్తూ కూర్చుంది. మైనం అంటుకుంది. మంట ఆర్పుదామని చెంబుడు నీళ్ళు పోసింది. మైనం మంట మీద నీళ్ళు పోస్తే ఏమవుతుందో ఆ పిల్లకి ఎవరు చెప్పారు? భగ్గుమని పైకి లేచింది. కుడిచెయ్యి, మెడ కాలిపోయాయి. విశాఖ ఆసుపత్రిలో ప్రాణం నిలిచింది గానీ రెండు వేళ్ళు అతుక్కుపోయాయి.

కొత్త సంవత్సరంలో మొదటి ఆరాధన అయ్యాక పెద్దలు అందర్నీ కూర్చోమన్నారు. సంఘ కార్యదర్శి డేవిడ్‌రాజు గ్లోరీని అడిగాడు. గ్లోరీ ఏడుస్తూ, "టీచరుగోరు బాగున్నాదన్నారు. అందుకే గుంటకిచ్చేసి ఎలిపోనాను" అంది. అందరూ అత్తవైపు తిరిగారు.

అత్త లేచి నిలబడింది. "నిజమే. నాను సూడకుండానే సెప్పినాను. తప్పు నాదే" అని కూర్చుంది.

నేను ఊరుకోలేకపోయాను. "పొయ్యి దగ్గర ఆ పిల్ల ఒక్కతే ఎందుకుందో కూడా అడగండి" అన్నాను.

"ఒరే, నువ్వు కూసో. మీ అత్తతో మాటాడతన్నాం" అన్నాడు డేవిడ్‌రాజు.

ఆ మాట గ్లోరీని అడిగితే ప్రతి ఇంటినీ అడగాలి. అంతకంటే వెనకాల ఎవరూ లేని ఒంటరి మనిషి మీద నెట్టేస్తే అందరికీ సుఖం. సండే స్కూలూ, వీడియోలు చూసి చెప్పే పనీ డేవిడ్‌రాజు కోడలి చేతికి పోయాయి. ఆ తర్వాతి ఆదివారం పిల్లలు లేచి పక్కగదిలోకి పోతుంటే, ఆడవాళ్ళ చాప మీదున్న అత్త కూడా అలవాటుగా సగం లేచి, మళ్ళీ కూర్చుంది. చూసినవాళ్ళు బైబిల్లోకి తలలు దించుకున్నారు. ఆ క్షణాన మా సంఘమంటే నాకు అసహ్యమేసింది. ఇప్పటికీ పోలేదు.

వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం గ్లోరీ శాంతిని తీసుకుని అత్త ఇంటికి వచ్చింది. నేనక్కడే ఉన్నాను.

"ఇందులో పొయ్యి లేదు టీచరుగోరూ, ఒట్టి కాయితాలే. ఓపాలి సూసి సెప్పండి" అంది ఫోను చాపుతూ.

అత్త మిషను ఆపింది. శాంతిని పక్కన కూర్చోబెట్టుకుని చివరిదాకా కళ్ళతో చూసింది.

"ఇది పెట్టినప్పుడు నువ్వు పక్కన కూసుంటావేటి?" అని అడిగింది.

"నాకెక్కడ కుదురుతాది? మిల్లుకెల్లొద్దేటి? మీరు బాగున్నాదంటే సాలు."

"అయితే బాగులేదు."

గ్లోరీ మొహం మాడిపోయింది. "కొత్త టీచరుగోరు బాగున్నాదనే అన్నారు. నాకే మనసాగక మీకాడికొచ్చినాను" అంది.

అత్తకి కోపం రాలేదు. "పోనీ, గుంటని ఇక్కడుంచి ఎల్లు. నువ్వొచ్చేదాకా నాను సూసుకుంటాను" అంది.

శాంతి తల్లి మొహంలోకి చూసింది. ఆ పిల్లకి ఉండాలనే ఉంది.

"వద్దులెండి. మీకాడ ఉంచినానని తెలిస్తే పెద్దలు ఏటనుకుంటారు?" అంది గ్లోరీ. పిల్లని బాగున్న చెయ్యి పట్టుకుని లేవదీసింది.

వాళ్ళిల్లు మూడిళ్ళ అవతలే. అత్తా నేనూ గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాం. గ్లోరీ పిల్లని లోపల కూర్చోబెట్టి, ఫోను చేతికిచ్చి, బయట గొళ్ళెం పెట్టి మిల్లుకి వెళ్ళిపోయింది.