డిక్కీలో ఇసుక

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున పొయ్యి మీద చాయ్ పెట్టుకుంటుంటే పక్కింటి వదిన గోడ మీదుగా పిలిచింది. "చెల్లె, జర రా. మీ అన్న లేస్తలేడు." ఆ గొంతులో ఏడుపు లేదు. అందుకే పొయ్యి కట్టేయకుండానే పరుగెత్తాను. వెళ్లి చూస్తే డ్రైవరన్న గోడవైపు తిరిగి పడుకున్నట్టే ఉన్నాడు. చెయ్యి పట్టుకుంటే అర్థమైంది. నిద్రలోనే పోయాడు.

ఇబ్రహీంపట్నంలో మా వీధికంతా ఆయన డ్రైవరన్నే. మొదట జీపు నడిపాడు. తర్వాత డిపోలో చేరి రిటైరయ్యేదాకా సాగర్ రోడ్డు మీద బస్సు నడిపాడు. ఆ తర్వాత అడిగినవాళ్లకు కారు నేర్పాడు. అన్నేళ్లలో ఆయన కూర్చున్న బండి దేనికీ తగల్లేదు, ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారి గురించే రాస్తున్నాను. ఆ తప్పు ఆయనది కాదు, నాది. నేను చదివింది ఐదో తరగతి. ఇది రాస్తూ మూడు కాగితాలు చింపాను. తప్పులుంటే మన్నించండి.

బండి ఎక్కే ముందు దాని చుట్టూ ఒకసారి తిరిగి, నాలుగు చక్రాల మీదా అరచెయ్యి పెట్టి చూసేవాడు. జ్వరం చూసినట్టు. చెప్పులు విడిచి నడిపేవాడు. "పాదానికి తెలుస్తది చెల్లె, బండి ఏమంటున్నదో" అనేవాడు. హారన్ కొట్టడం ఆయనకు తిట్టుతో సమానం.

నాకు ఫికర్ ఎక్కువ. గ్యాస్ కట్టేశానా అని మూడుసార్లు లేచి చూస్తాను. మా అబ్బాయి ఫోన్ ఎత్తకపోతే రోడ్డు మీదికి వచ్చి నిలబడతాను. అది చూసి డ్రైవరన్న నవ్వేవాడు. "నీ ఫికర్లన్ని బస్సెక్కిస్తే, డిపోల ఇంకో బస్సు వెయ్యాలె చెల్లె!"

మా అబ్బాయి నా కడుపులో ఉన్నప్పుడు, మంచి వానల్లో నొప్పులు మొదలయ్యాయి. ఆయన జీపులోనే దవాఖానకు బయలుదేరాం. ముందుగా ఆయన వెనకవైపు రెండు ఇసుక సంచులు వేశాడు. అంత నొప్పిలోనూ నాకు అనుమానమే.

"గివెందుకన్నా?"

"జీపును ఎనుక చక్రాలే తోస్తయి. ఎనుక బరువుంటెనే బురదల పట్టు దొరుకుతది. లేకుంటె తోక ఊపుతది. నువ్వు ఫికర్ చెయ్యకు."

మధ్యలో ఎక్కడా జారలేదు. ఆ రోజుల్లో వాన పడిందంటే ఇక్కడి జీపులవాళ్లంతా అలాగే ఇసుక వేసుకునేవాళ్లు. నా మనసులో మాత్రం ఆ రోజే ముద్ర పడిపోయింది. బండన్నాక వెనక ఇసుక ఉంటేనే ప్రాణానికి భద్రం.

మూడేళ్ల కిందట మా అబ్బాయి సెకండ్‌హ్యాండ్‌లో చిన్న కారొకటి కొన్నాడు. మా కోడలు మీర్‌పేట్‌లో ఒక దవాఖానలో నర్సు. రెండు బస్సులు మారి పోవాలి. కారు తానే నడుపుకుంటానంది. నేను వద్దన్నాను. దాచుకోలేదు, పదిమందిలోనే అన్నాను. "గా లారీల నడుమ నువ్వు కారు నడుపుడేంది? నా పానం నిలుస్తదా?"

"అత్తమ్మా, బస్సుల నిలబడి నిలబడి నా కాళ్లు పోతున్నయ్. అవి కనిపిస్తలేవా నీకు?" అంది కోడలు.

డ్రైవరన్నను పెద్దబాపు అని పిలిచే మా అబ్బాయి మధ్యలో ఒక షరతు పెట్టాడు. "పెద్దబాపు దగ్గర నేర్చుకో. ఏమన్న గీసుకుందా, కారు అమ్మేస్త. మళ్ల బస్సే నీకు."

డ్రైవరన్న రోజూ పొద్దున ఆమె పక్కన కూర్చుని నేర్పుతున్నాడు. వానలు మొదలయ్యాయి. నాకు నిద్ర లేదు. ఒకరోజు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు కారు తాళం తీసుకున్నాను. గది కట్టించినప్పుడు మిగిలిన ఇసుక పెరట్లో ఉంది. డిక్కీలో రెండు యూరియా సంచులు పెట్టి, తట్టతో తట్టెడు తట్టెడు తెచ్చి నింపాను. నడుము విరిగినంత పనైంది. పైన పాత చెద్దరు కప్పాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మర్నాడు సన్నగా వాన. చెరువు కట్ట దిగే మలుపు దగ్గర కోడలు స్టీరింగు తిప్పితే కారు తిరగలేదట. నేరుగా పోయి కల్వర్టు గోడను రాసుకుంది. దెబ్బలేమీ తగల్లేదు. తలుపు మాత్రం లోపలికి పోయింది.

ఇంటికొచ్చి కోడలు కారు తాళం అరుగు మీద పెట్టేసింది. మా అబ్బాయి కారు చుట్టూ తిరిగి చూసి నోరు తెరవబోయాడు. అంతకుముందే డ్రైవరన్న అన్నాడు, "పిల్లది తప్పు లేదు. మలుపుల ఎక్సలేటరు గట్టిగ తొక్కుమని నేనే చెప్పిన. నాది తప్పు."

మా అబ్బాయి లోపలికి పోయిన తలుపును చేత్తో తడిమి చూశాడు. చివరికి అన్నాడు, "ఇగ మీరు రాకుండ్రి పెద్దబాపు. వేరేటోళ్ల దగ్గర నేర్పిస్త."

డ్రైవరన్న తలూపి వెళ్లిపోయాడు. నేను తలుపు వెనకే ఉన్నాను.

ఆ సాయంత్రం ఆయన గోడ దగ్గరికి వచ్చి, మడిచిన రెండు ఖాళీ సంచులు ఇచ్చాడు. చెద్దరు ఆయన చంకలో ఉంది.

"నీయేనా చెల్లె? పిల్ల గోడ మీద కూసోని ఏడుస్తుంటె డిక్కీ తీసి చూసిన. ఇసుక ఆడ్నే పారవోసిన."

ఏడ్చాను. "నువ్వే గదన్నా ఆనాడు..." అన్నాను.

"అవ్, నేనే చెప్పిన. గది జీపు. దాన్ని ఎనుక చక్రాలు తోస్తయి, ముందటియి దారి చూస్తయి. గీ కారుకు గుంజుడు, దారి చూసుడు, రెండు పనులు ముందటి చక్రాలయే. నువ్వు ఎనుక కొసకు బరువేస్తే ముందటియి తేలిపోయినయ్. ఇగ మలుపుల ఎట్ల తిరుగుతది?"

"మావోనికి చెప్పకన్నా. నా కోడలు నడుపొద్దని నేనే కావాలని చేసిన్నంటరు."

ఆయన నా ముఖం చూశాడు. "నేనెందుకు చెప్త? చెప్పేదుంటే పొద్దుగాల్నే చెప్తుంటి."

నాలుగు రోజులు నేను కారు వైపే చూడలేదు. అది తెలిసి ఆయన ఎవరిదో పాత జీపు తెచ్చి, బలవంతాన నన్ను ఎక్కించి, ఊరి బయట ప్లాట్ల వెంచర్‌కు తీసుకుపోయాడు. ఇళ్లు లేని ఖాళీ రోడ్లు, మీద పలచగా బురద. మెల్లగా మలుపు తీసుకుని ఒక్కసారి ఎక్సలేటరు తొక్కాడు. జీపు వెనక భాగం పక్కకు ఊగింది. నేను సీటు పట్టుకుని అరిచాను. ఆయన తోక జారిన వైపే స్టీరింగు తిప్పి కాలు మెల్లగా తీశాడు. అది సర్దుకుంది. అప్పటికే అక్కడ తన అల్లుడి కారు తెప్పించి పెట్టాడు. అదీ ముందు చక్రాలతో నడిచేదే. దాన్లో కూర్చోబెట్టి అదే మలుపులో తొక్కాడు. వెనక భాగం ఊగలేదు. ముక్కే మాట వినకుండా బయటికి పోయింది. ఆయన కంగారుపడి ఇంకా తిప్పలేదు. కాలు తీసి ఊరుకున్నాడు. చక్రాలకు పట్టు దొరికి, ముక్కు దానంతటదే మలుపులోకి వచ్చింది.

"చూసినవా? కొత్తగ నేర్చుకునేటోళ్లకు గిదే అల్కగ ఉంటది. బుగులైతే, భయమైతే ఎవరైన ముందుగాల కాలు తీస్తరు. దీనికి గదే మందు. జీపుల గట్ల టక్కున తీస్తే తోక ఇంక ఊగుతది."

"అయితే ఏది మంచిదన్నా?"

"రెండు మంచియే. బరువు మోసేటందుకు, గడ్డ ఎక్కేటందుకు జీపు. వానల నీ కోడలు దవాఖానకు పోయి వచ్చేటందుకు గీ కారు. దేని గుణం దానికుంటది. గుణం తెల్వక నడిపితెనే ఖరాబు."

కోడలు వేరేచోట నేర్చుకుంది. ఇవాళ్టికీ ఆ కారులోనే డ్యూటీకి పోతుంది. కారు అమ్మకుండా మిగిలింది ఆయన మాట వల్లే. ఆయనకు మిగిలింది మాత్రం వేరు. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. చాయ్ హోటల్ దగ్గర, "ఏం కాకా, పెద్ద బస్సు ఇనె, చిన్న కారు ఇనకపాయె?" అని నవ్వేవాళ్లు. ఆయనా వాళ్లతో నవ్వేవాడు. మూడేళ్లు నేను ఆ నవ్వు వింటూనే ఉన్నాను. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకున్నాను. చెప్తే కోడలు నన్ను ఎట్లా చూస్తుందోనన్న భయం.

పదకొండో రోజు భోజనాలకు డిపోలో ఆయనతో పనిచేసినవాళ్లంతా వచ్చారు. మా అబ్బాయి, కోడలు వడ్డిస్తున్నారు. ఒక ముసలి డ్రైవరు అన్నం కలుపుకుంటూ, ప్రేమగానే అన్నాడు, "గంత మంచి డ్రైవరు. ఆఖరికి గా చిన్న కారుతోని పేరు పోగొట్టుకుండు."

నేను లేచి నిలబడ్డాను. చెయ్యి ఎంగిలి. సంచులు, తట్ట, చెద్దరు, అన్నీ చెప్పేశాను. ఆయన చూసింది, దాచింది కూడా.

మా అబ్బాయి కూర గిన్నె కింద పెట్టాడు. "నేను ఇగ రావద్దన్ననే ఆయనను" అన్నాడు, నాతో కాదు, ఎవరితోనూ కాదు.

కోడలు నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. "నన్ను కాపాడాలని ఏసినవ్. నాకు తెల్వదా అత్తమ్మా నీ సంగతి? ఆయన బతికున్నప్పుడు చెప్పాల్సింది" అంది. తిట్టినా అంత తగిలేది కాదు.

వదిన గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "నాక్కూడ చెప్పలే చెల్లె. నేను కూడ ఎన్ని మాటలన్న ఆయనను" అంది. పెరుగు గరిట పక్కన పెట్టి లోపలికి నడిచింది. ఆయనవి వేరే ఫొటోలు లేక లైసెన్సు ఫొటోనే పెద్దది చేయించారు. దండ జారి ముఖం సగం మూసుకుపోయి ఉంది. ఆమె ఒక వేలితో దాన్ని పక్కకు జరిపింది. కళ్లు, నుదురు బయటపడ్డాయి. వేలు తీయకుండా అట్లాగే నిలబడింది. తీశాక అద్దం మీద ఆ వేలి తడి కాసేపు ఉండి, మెల్లగా ఆరిపోయింది.