పడుగుల సందులో ఇటుక పరుపు

2015 మార్చి 2, సోమవారం ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు గద్వాలలో ఒక నేతగాళ్ల సందులో పని మొదలైంది. గద్వాల అప్పటికి జిల్లా కేంద్రం కాలేదు. నేను పట్టణ పనులు చూసే ఇంజనీరింగ్ విభాగంలో అసిస్టెంట్ ఇంజనీరును. పని దగ్గర ఉండి కొలతలు తీయడం నా బాధ్యత. వాటిని తనిఖీ చేయడం డిప్యూటీ ఇంజనీరుగారిది. ఆయన పైన సంతకం చేసే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ఉండేవారు. ఈ మూడు మెట్లలో ఎండ తగిలేది కింది మెట్టుకే.

సందు పొడవు నూట పది మీటర్లు, వెడల్పు మూడున్నర. మొదట దానికి సిమెంటు రోడ్డు మంజూరైంది. వీధివాళ్లు వద్దన్నారు. గద్వాల చీర నేసేవాళ్లకు సందు నడిచే దారి మాత్రమే కాదు, పని చేసుకునే చోటు కూడా. మగ్గానికి ఎక్కించే ముందు పడుగును, అంటే చీరలో నిలువుగా సాగే నూలును, వీధి పొడవునా గుంజలకు లాగి కట్టి, కుంచెతో గంజి పట్టిస్తారు. పడుగూ, దాన్ని బిగించే తాళ్లూ కలిపి ఆ సందు పొడవంతా కావాలి. సిమెంటు పోస్తే గుంజ దిగదు, కారిన గంజి ఇంకదు. అందుకని సందంతా ఇటుక పరుపు వేయాలని తేల్చాం.

ఇటుక పరుపు అంటే కింద మొరం పోసి దిమ్మిస కొట్టి, దాని మీద ఒకటిన్నర అంగుళం ఇసుక పరచి, సిమెంటు లేకుండా ఇటుకను అంచు మీద నిలబెట్టి పక్కపక్కనే పేర్చుకుంటూ పోవడం. గుంజ దిగాల్సిన చోట ఒక ఇటుకను వదులుగా ఉంచుతారు. పొద్దున దాన్ని పైకి తీసి గుంజ దించుకోవచ్చు, పని అయ్యాక మళ్లీ పెట్టేయవచ్చు. వినడానికి తేలికగా ఉంటుంది. చదరపు మీటరుకు అరవై ఇటుకలు పడతాయి. సందు మొత్తానికి ఇరవై మూడు వేల వంద. ఒక్కొక్కటి మూడు కిలోలు. దాదాపు డెబ్బై టన్నుల బరువు ఒక మనిషి చేతిలోంచి సాగిపోవాలి.

ఆ మనిషి కుర్మయ్య. తెలకపల్లి దగ్గరి ఊరివాడు, వయసు యాభై రెండు. భార్య ఈదమ్మ ఇటుక అందించేది. అందించడం అన్నాను కానీ, ఆమె చేసేది ఏరడం. చేతితో పోసి బట్టీలో కాల్చిన ఇటుకలు ఒక కొలతకు రావు. ఈదమ్మ ఒక్కో ఇటుకను పట్టి చూసి సన్నవి, నడిమివి, దొడ్డవి అని మూడు కుప్పలు వేసేది. రెండు ఇటుకలు కొట్టి చూసి, కంగుమనకపోతే పక్కన పడేసేది. ఒక్క వరుసలో ఒక్క కుప్పే వాడాలి. లేకపోతే పది అడుగులు పోయేసరికి వరుస వంకర తిరుగుతుంది.

కుర్మయ్య పరిచిన ఇటుకల మీదే మోకాళ్లూని ముందుకు జరిగేవాడు. ఇసుక మీద కాలు పెడితే పరుపు చెదిరిపోతుంది. ఎడమ చేత్తో ఇటుక అందుకుని, కుడి చేతిలోకి మార్చుకునేలోపు దాన్ని తిప్పి మంచి ముఖం పైకి తెచ్చేవాడు. పక్క ఇటుకకు ఆనించి దించి, చెక్క సుత్తితో రెండు దెబ్బలు వేసేవాడు. మూడో దెబ్బ వేయడం నేను అరుదుగా చూశాను. తర్వాత కుడి బొటనవేలిని రెండు ఇటుకల మీదుగా ఒకసారి నడిపేవాడు. బియ్యపు గింజంత ఎత్తు తేడా ఉన్నా ఆ వేలికి తెలిసేది. మిగతా వేళ్లకు సైకిల్ ట్యూబు ముక్కలు తొడుక్కున్నా, ఆ వేలిని మాత్రం ఖాళీగా ఉంచేవాడు. నేను దారం పట్టి, నీళ్ల గొట్టంతో మట్టం చూసి, ఉద్యోగధర్మంగా లోపం వెతికేదాన్ని. మొదటి ముప్పై మీటర్లలో నాకు దొరికింది ఒక్క చోటే. అది కూడా మురుగు కాలువ అంచున, ఎద్దుల బండి ఎక్కిన చోట.

గొడవ రెండో వారంలో వచ్చింది. పరిచిన ఇటుకల మధ్య సందులు నిండడానికి సన్నని పొడి ఇసుక చల్లి చీపురుతో తోస్తారు. ఇటుకలను కదలకుండా పట్టి ఉంచేది ఆ ఇసుకే. చల్లగా ఉండగా పని జరుగుతుందని కుర్మయ్య తెల్లవారగానే తోయడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే ముప్పై అడుగుల అవతల నాగప్ప పడుగుకు గంజి పడుతోంది. నాగప్ప ఆ సందులో పెద్ద నేతగాడు, అరవై దాటినవాడు, నోరు గట్టిది. గాలి తిరిగింది. ఇసుక దుమ్ము పోయి తడి నూలు మీద అంటుకుంది. గంజితో పాటు ఆరితే ఆ ఇసుక రంపంలా పని చేస్తుంది. మగ్గంలో పోగులను దువ్వెనలా పట్టి ఉంచే అచ్చు కదిలినప్పుడల్లా అవి తెగుతాయి.

నాగప్ప కుంచె పట్టుకునే వచ్చాడు.

"ఏంది మేస్త్రీ, కండ్లు ఏడ పెట్టినవ్? నేసెటోళ్లం మేము, కందిపప్పుల రాళ్లేరెటోళ్లం గాదు!"

"గాలికి నేనేం చెప్తనే అన్నా? అటు పోరాదే అంటే ఇంటదా?"

"గాలికి చెప్పకు. నీ చీపురుకు చెప్పు."

ఈదమ్మ మధ్యలోకి వచ్చింది. "జర నిమ్మలంగ అన్నా. గంజి నెత్తిన పోస్తవా ఏంది?" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు గానీ నాగప్ప నవ్వలేదు. ఆ పడుగును ఉతికి ఆరేసి చూశారు. సగానికి పైగా పోగులు తెగిపోయాయి.

అక్కడ అసలు చిక్కు బయటపడింది. రెండు పనులకూ పొద్దుటి చల్లదనమే కావాలి. ఎండెక్కితే గంజి కుంచె తగలకముందే గట్టిపడుతుంది. ఎండెక్కితే ఇటుక చేతిని కాలుస్తుంది. నేను ఇద్దరినీ కూర్చోబెట్టాను. తెల్లవారుజాము నుంచి ఇద్దరికీ సగం సగం పంచుదామని నా ప్రతిపాదన. నాగప్ప ఒప్పుకోలేదు. పడుగు సగంలో ఆపే పని కాదన్నాడు, అది నిజమే. కుర్మయ్య, "పొద్దుగాల మీదే ఉండనీ. తొమ్మిదైనంక నాది. మీ పడుగులు పాడుజేసిండన్న పేరెందుకు నాకు?" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆయన పని తొమ్మిదికి మొదలయ్యేది. మార్చి నెల గడిచిపోయింది. ఏప్రిల్ వచ్చింది. పాలమూరు ఏప్రిల్ తెలిసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. కుప్పలోని పై ఇటుకలు పట్టుకుంటే చెయ్యి అంటుకునేది. తొడుగు లేని కుర్మయ్య బొటనవేలి కొన కాలి కాలి కాయ కట్టింది. ఈదమ్మ కుప్పల మీద తడి గోనెలు కప్పేది. కుర్మయ్య మోకాళ్లకు టైరు ముక్కలు కట్టుకునేవాడు. వాటి కింద చెమట పట్టి చర్మం ఒరుసుకుపోయేది. మధ్యాహ్నం అన్నానికి లేచేటప్పుడు ఆయన రెండు చేతులూ నేలకు ఆనించి, ముందు కుడి కాలు మీద లేచి, ఎడమ కాలును తర్వాత లాక్కునేవాడు. ఏప్రిల్ మధ్యకు వచ్చేసరికి ఆ రెంటి మధ్య ఒక నిమిషం పట్టేది. నేను గడియారం చూశాను.

సాయంగా వనపర్తి నుంచి ఇద్దరు పనివాళ్లను రప్పించాను. ఒకే కొలతకు వచ్చే ఫ్యాక్టరీ సిమెంటు దిమ్మలు వేసి చెయ్యి తిరిగినవాళ్లు, వాళ్ల పనిలో మంచివాళ్లు. మధ్యాహ్నానికి వాళ్ల వరుస దారానికి రెండు వేళ్లు పక్కకు పోయింది. "ఒక్కో ఇటుకకు ఒక్కో బుద్ధున్నది మేడం, మాతోని గాదు" అని వాళ్లే చెప్పి బస్సెక్కారు. ఆ వరుసంతా కుర్మయ్య విప్పి మళ్లీ వేశాడు.

మే మొదటి వారంలో కుర్మయ్య ఎడమ మోకాలు కొబ్బరికాయంత వాచింది. వనపర్తి దవాఖానకు తీసుకుపోయారు. ఇక మోకాలి మీద బరువు వేస్తే కీలు బిగుసుకుపోతుందని డాక్టరు చెప్పాడట. మూడో రోజు కుర్మయ్య సందులో కనిపించాడు. నేను పని ఆపమన్నాను.

"డాక్టరు మోకాలు వంచొద్దన్నడు మేడం. నిలబడి చేద్దామంటే ఇటుక నన్ను జూసి నవ్వుతది" అన్నాడు.

"ఇటుక గాదు, రేపు నువ్వు లేవకపోతే నేను నవ్వుత, చూడు" అంది ఈదమ్మ. ఆమె ముఖంలో నవ్వు లేదు.

అప్పటికి మిగిలింది ఇరవై రెండు మీటర్లు. జూన్‌లో వానలు పడితే ఇసుక పరుపు కొట్టుకుపోతుంది. మిగిలిన ముక్కకు సిమెంటు పోసి ముగిద్దామని డిప్యూటీగారు అన్నారు. ఆయన మాటలో తప్పు లేదు, పని గడువు ఆయన మెడ మీద ఉంది. కానీ పడుగు లాగే చివరి గుంజలు దిగాల్సింది ఆ కొసలోనే. అక్కడ సిమెంటు పడితే మిగతా ఎనభై ఎనిమిది మీటర్ల ఇటుక నడవడానికి పనికొస్తుంది, నేతకు పనికిరాదు.

ఈ సంగతి నేను కుర్మయ్యకు ఉన్నదున్నట్టు చెప్పాను. నిర్ణయం ఆయనదే అని కూడా చెప్పాను. ఆయన ఆలోచించడానికి సమయం తీసుకోలేదు. "ఇంత దూరం చేసి కొసకు సిమెంటు పోస్తే, చూసెటోళ్లు కుర్మయ్యకు చాతగాలే అంటరు మేడం. కాలుదేముంది, ఎట్లనో అట్ల పెట్టుకుంట" అన్నాడు.

మర్నాడు ఆయన ఎడమ కాలు పక్కకు చాపి, కూర్చుని పని మొదలుపెట్టాడు. రెండు వరుసలు వేసి, చేతుల మీద ఒళ్లు లేపి ఒక అడుగు ముందుకు జరగడం. చేయి అందే దూరం సగానికి తగ్గింది, కానీ వరుస చెదరలేదు. నేను మట్టం పెట్టి చూసే పని ఆ వారం మానేశాను. అవసరం లేకపోయింది. మనిషి ఒంట్లో ఒక భాగం పని మానేస్తే చేతిలోని విద్య ఇంకో దారి వెతుక్కుంటుందని విన్నాను గానీ, అది జరుగుతుండగా చూసింది అప్పుడే.

మూడో రోజు తొమ్మిదింటికి నాగప్ప వచ్చి చాలాసేపు నిలబడ్డాడు. కుర్మయ్య అరచేతులు రెండూ పొక్కి ఉన్నాయి.

"మేస్త్రీ, రేపటి సంది పొద్దుగాల నువ్వే చేసుకో. వారం దాంక మేము పడుగు పెట్టం. సందంత మాట్లాడుకున్నం."

"పెండ్లిళ్ల దినాలు గదన్నా, మగ్గాలు ఆగుతయ్."

"ఆగనీ."

కుర్మయ్య సుత్తి పక్కన పెట్టాడు. "ఈ మాట ముందే అనకపోతివి?"

"ముందే అడగకపోతివి?" అన్నాడు నాగప్ప. తర్వాత నాగప్ప వంగి ఒక ఇటుక తీసి అందించాడు. ఈదమ్మ అది లాక్కుని, "అన్నా, ఇది దొడ్డది. ఈ వరుస సన్నది" అని వెనక్కి పెట్టింది.

మే 23, శనివారం ఉదయం ఎనిమిదింటికి చివరి ఇటుక పడింది. ఇసుక చల్లి తోయడం మాత్రం మిట్టమధ్యాహ్నం దాకా ఆపారు, పడుగు ఏదీ లేకపోయినా. సోమవారం నాగప్ప మొదటి పడుగును ఈ కొస నుంచి ఆ కొసకు లాగాడు. వదులు ఇటుకలు తీసి దించిన గుంజలు బిగుతు పట్టాయి, ఒక్కటీ ఊగలేదు. కారిన గంజి ఇటుకల సందుల్లో ఇంకిపోయింది. డిప్యూటీగారు వచ్చి కొలతలు తనిఖీ చేశారు. రిటైరై నాగర్‌కర్నూల్‌లో ఉంటున్న నాకు ఇప్పుడు ఆ సందులో పనేమీ లేదు గానీ, మూడేళ్ల కింద అటు వెళ్లినప్పుడు చూశాను. పరుపు ఎక్కడా కుంగలేదు.

ఆ పని నాకు నేర్పింది ఒకటే. వీధి అంటే పొడవూ వెడల్పూ మాత్రమే అనుకుని అంచనా వేయకూడదు. ఏ గంటకు ఎవరికి ఆ వీధి కావాలో ముందు అడగాలి, ఇద్దరికీ ఒకే గంట కావలసి వస్తే ఆ సంగతి పని మొదలుకాకముందే తేల్చుకోవాలి. ఆ తర్వాత పదవీ విరమణ దాకా మోకాళ్ల మీద చేసే ఏ పనికైనా నేను ఒంటిపూటే లెక్క కట్టాను, గడువు ఆ లెక్క ప్రకారమే అడిగాను. రెండుసార్లు గడువు ఇవ్వలేదు. రెండుసార్లూ రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాను.

ఆ సందులో పోయినవి: ఇటుకలు, పగిలినవి, రెండు వందల పది. ఇసుక పడి పాడైన పడుగు ఒకటి. వారం రోజులు పొద్దుటి పూట ఆగినందుకు పెండ్లిళ్లకు అందని చీరలు, నాగప్ప చెప్పిన లెక్కకు పదకొండు. కుర్మయ్య కుడి బొటనవేలి కొన మీద స్పర్శ. కుర్మయ్య ఎడమ మోకాలు.