మొలతాడుకున్న తాళంచెవి

మొన్న మా బావకి నడుంనొప్పి ఎక్కువైతే స్కానింగు తీయించడానికి గుంటూరు తీసుకెళ్ళాం, నేనూ మా అక్కా. ఆ సొరంగం లాంటి యంత్రంలోకి వెళ్ళేవాడి ఒంటిమీద ఇనుమన్నది ఉండకూడదట. ఉంగరం తీశాడు, వాచీ తీశాడు, కళ్ళజోడు తీశాడు, జేబులో చిల్లర కూడా మా అక్క కొంగులో పోశాడు. తీరా బట్టలు మార్చుకునేటప్పుడు మొలతాడుకి వేలాడుతున్న తాళంచెవి బయటపడింది. అది మాత్రం తీయనని భీష్మించుకు కూర్చున్నాడు.

"పెద్దాయనా, అది కూడా తీసెయ్యాలండి," అన్నాడు అక్కడ పనిచేసే అబ్బాయి.

"లోపలికి పొయ్యేది నువ్వా, నేనా?"

"మీరేనండి."

"మరి చెవి ఎవరి దగ్గరుండాల?"

ఈయనకి తీయాల్సిన స్కానింగు నడుముకి కాదేమోనన్నట్టు ఆ అబ్బాయి నావంక చూశాడు. పాపం, అతని తప్పేముంది? బావ ప్రశ్న అర్థం కావాలంటే ఒకప్పుడు మాతోపాటు దూది మిల్లులో పనిచేసి ఉండాలి.

ఆ మిల్లు ప్రత్తిపాడు వెళ్ళే దారిలో ఉండేది. ఒక పక్కన పత్తి, రోడ్డుకి అవతలి పక్కన మిరపకాయలు ఆరబోసే కళ్ళాలు. గాలి ఇటునుంచి వీస్తే దూది నుసి, అటునుంచి వీస్తే మిరప ఘాటు, ఎటు వీచినా మాకు తుమ్ములు మాత్రం తప్పేవి కావు. మా మేనమామ అక్కడ మేస్త్రీ. ఆయన కొడుకే మా బావ, మా అక్కని చేసుకున్నవాడు. నేను గింజల నుంచి దూది తీసే జిన్నింగు వైపు ఫిట్టర్ని, బావ దూదిని బేళ్ళుగా నొక్కే ప్రెస్సు వైపు ఫిట్టరు. మా ఇద్దరికీ ఒకరి పని మీద ఒకరికి లోకువే. ప్రెస్సు తొక్కడం ఎద్దు కూడా చేస్తుందని నేనూ, గింజలు తీయడం ఇళ్ళల్లో ఆడవాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ చేస్తారని అతనూ, రోజుకోసారైనా అనుకోకపోతే మాకు అన్నం సయించేది కాదు.

మన ఈడువాళ్ళలో మిల్లు ముఖం చూడనివాళ్ళ కోసం ఆ ప్రెస్సు గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. నిలువెత్తు ఇనప పెట్టె ఒకటి ఉండేది. పైనుంచి దూది అందులో పడుతుంటే, బరువైన ఇనప పలక ఒకటి దిగి దాన్ని అణగదొక్కి మళ్ళీ పైకి వెళ్ళేది. ఆ పలకని ఆడించేది కరెంటు కాదు, గొట్టంలో బిగించిన గాలి. అందులోనే ఉంది తిరకాసంతా. మోటారు ఆపేస్తే మిషను చచ్చిందనుకుంటాం, కానీ గొట్టంలో గాలి ఇంకా బతికే ఉంటుంది. పెట్టె మూలల్లో దూది ఇరుక్కున్నప్పుడు ఎవరో ఒకరు లోపలికి దిగి కొక్కెంతో లాగాల్సిందే. దిగేముందు గాలి వాల్వు కట్టేయాలి, గొట్టంలో మిగిలిన గాలిని బయటికి వదిలేయాలి, ఆ తర్వాత లివరు ఒకసారి కిందికి నొక్కి పలక కదలడం లేదని చూసుకోవాలి. అయితే మనం లోపల ఉండగా బయట ఇంకెవరో వచ్చి వాల్వు తిప్పితే?

దానికి మా మామయ్య పెట్టిన కట్టుబాటు ఒకటుండేది. దిగేవాడు తన తువ్వాలు వాల్వు పిడికి చుట్టి దిగాలి. తువ్వాలు ఉందంటే మనిషి లోపల ఉన్నట్టు, దాని మీద దేవుడైనా చెయ్యి వేయకూడదు. మిల్లులో ఎవరి తువ్వాలు ఏదో అందరికీ తెలుసు. మా బావది ఎర్రంచు గళ్ళ తువ్వాలు. అది పిడికి చుట్టి కనిపించిందంటే జిన్నింగు వైపు నుంచి నేను కూడా గొంతు తగ్గించుకునేవాణ్ణి. ఎన్నేళ్ళుగానో అలాగే నడిచింది, ఎవరికీ గీత కూడా పడలేదు. అందుకే ఆ గుడ్డముక్క మీద మాకంత నమ్మకం.

అక్క పెళ్ళైన ఏడు, దసరా ఆయుధపూజకి ముందురోజు మిల్లంతా కడిగి శుభ్రం చేస్తున్నాం. కొత్త పత్తి అప్పుడే రావడం మొదలైతే కాసేపు ఆడించి చూశాం, పెట్టె మూలల్లో దూది ఇరుక్కుంది. బావ తువ్వాలు చుట్టి లోపలికి దిగాడు. సరిగ్గా అప్పుడే మా అక్క క్యారియరు పట్టుకుని వచ్చింది. మొగుడు కనిపించలేదు, మొగుడి తువ్వాలు కనిపించింది, నూనే మసీ పట్టి నల్లగా. తెల్లవారితే పండగ, మన ఇళ్ళల్లో పండగపూట మాసిన గుడ్డ ఎదురుగా ఉంచుతామా? క్యారియరు అక్కడ పెట్టి, తువ్వాలు విప్పి, మిల్లు వెనక కుళాయి దగ్గరికి ఉతకడానికి పట్టుకుపోయింది. ఆ కట్టుబాటు మిల్లులో అందరికీ తెలుసు, ఇళ్ళల్లో ఆడవాళ్ళకి చెప్పాలన్న బుద్ధి మాత్రం మాలో ఒక్కడికీ పుట్టలేదు.

మామయ్య వచ్చాడు. పిడి మీద తువ్వాలు లేదు. కొడుకు పని ముగించుకుని బయటికొచ్చేశాడనుకుని, మిషను ఆడించి చూద్దామని వాల్వు తిప్పాడు.

గాలి గొట్టంలోకి దూసుకొచ్చిన చప్పుడు నేను అవతలి నుంచి విన్నాను. లివరు చూస్తే కిందికి నొక్కే ఉంది, బావ పరీక్ష చేసి అలాగే వదిలాడు. లోపలినుంచి "నాన్నా!" అన్న కేక, వెంటనే పలక దిగిన చప్పుడు. నెత్తిమీద బుసకొట్టిన చప్పుడు వినగానే బావ పెట్టె పక్కనుండే తలుపు సందులోంచి బయటికి దూకాడు. ఒళ్ళంతా వచ్చింది, ఎడమ పాదం మాత్రం వెనకబడింది. మామయ్య వాల్వు కట్టేసి, గాలి వదిలేసి, పలకని పైకి జాకీతో లేపించాడు. ఆ తర్వాత నేలమీద కూలబడి కొడుకు తలని ఒళ్ళో పెట్టుకున్నాడు. అక్క తడి తువ్వాలుతో అప్పుడే వచ్చి నిలబడింది. నీళ్ళు కారుతున్న ఆ ఎర్రంచు చూశాక ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

మామయ్య నోరు మంచిది కాదు, ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. ఆయన అక్కని ఏమంటాడోనని నేను భయపడ్డాను. సాయంత్రం ఆసుపత్రి వరండాలో అక్క ఏడుస్తుంటే ఆయనే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నీ తప్పేం లేదమ్మా. గాలికి ఎగిరే గుడ్డని నమ్ముకుని మనిషిని లోపలికి దింపాను చూడు, బుద్ధి లేనోణ్ణి నేను," అన్నాడు.

మర్నాడు ఆయుధపూజకి అక్క మిల్లుకొచ్చింది. పెళ్ళికి మా అమ్మ ఇచ్చిన ట్రంకుపెట్టె తాళంకప్ప తెచ్చి మామయ్య చేతిలో పెట్టింది. "ఇదైతే ఉతకడానికి ఎవరూ తీసుకుపోరు మావయ్యా," అంది. మామయ్య పిడికీ గొట్టానికీ కలిపి గొలుసు చుట్టి, దానికి ఆ కప్ప వేసి, పసుపూ కుంకుమా పెట్టి, మిషనుతోపాటు దానికీ కొబ్బరికాయ కొట్టాడు. రెండో చెవిని కాలవలో గిరాటేశాడు. లోపలికి దిగేవాడి ఒంటిమీద తప్ప చెవి ఇంకెక్కడా ఉండకూడదని, కుంటుతూ పనిలోకి వచ్చిన రోజున కొడుకు మొలతాడుకి ఆయనే స్వయంగా కట్టాడు. ఆ తర్వాత ఎవరు దిగినా ఎవరి తాళం వాళ్ళే తెచ్చుకుని ఆ గొలుసుకే వేసేవాళ్ళు. నేనూ పట్నం బజారులో ఒకటి కొన్నాను. ఇద్దరం దిగితే రెండు తాళాలు, ఇద్దరం బయటికొస్తే తప్ప మిషను కదిలేది కాదు. బయటివాళ్ళు మా మిల్లులో దొంగల భయం ఎక్కువేమో అనుకునేవాళ్ళు.

ఇప్పుడు మా అమ్మాయి పనిచేసే నూలు మిల్లులో ఒక్కొక్కరికీ ఎర్ర తాళం ఇచ్చారట, దాని మీద పేరూ ఫొటో కూడా ఉంటాయట. వాల్వుకి తాళం వేశాక గాలి వదిలి, మళ్ళీ ఒకసారి నొక్కి చూసుకోనిదే ఎవర్నీ దిగనివ్వరని చెప్పింది. విని నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. పిల్లలకి ముందుగానే చెబుతున్నారు, ఒకరి పాదం నలిగేదాకా ఆగడం లేదు. కానీ ఆ తాళాలకి ఎవరూ కుంకుమబొట్టు పెట్టరు, అవి ఎవరి పెట్టెనీ బోసి చేసి వచ్చినవీ కావు. మామయ్య పోయాడు. మా మిల్లు స్థలంలో ఇళ్ళు లేచాయి. తుక్కు కొన్నవాళ్ళు గొలుసునీ కప్పనీ వాల్వుతో సహా కోసి పట్టుకుపోయారు. ఆ చెవి పట్టే తాళం ఇప్పుడు ఈ భూమ్మీద ఎక్కడా లేదు. అక్క ట్రంకుపెట్టె మాత్రం ఈనాటికీ గొళ్ళెం పెట్టే ఉంటుంది, తాళం లేకుండా.

స్కానింగు గది ముందు ఆ అబ్బాయి ఓపిగ్గానే నిలబడ్డాడు. నేను సర్దిచెప్పబోతుంటే అక్క కుర్చీలోంచి లేచి వచ్చి చెయ్యి చాచింది. బావ తనే వంగి, ముడి విప్పి, చెవి ఆ చేతిలో పెట్టి, ఆమె వేళ్ళు తనే మూశాడు.

"నేను బయటికొచ్చేదాకా ఎవరికీ ఇయ్యమాక," అన్నాడు.

లోపల యంత్రం దడదడలాడుతున్నంతసేపూ అక్క పిడికిలి విప్పలేదు. మంచినీళ్ళిస్తే ఎడంచేత్తో తాగింది. బావ కుంటుకుంటూ బయటికి రాగానే ఉంగరం అడగలేదు, కళ్ళజోడు అడగలేదు, ఆమె ముందు నిలబడి చొక్కా పైకెత్తాడు. అంతమంది జనం చూస్తుండగా ఇంత వయసులో మా అక్క వంగి ఆ చెవిని అతని మొలతాడుకి కట్టి, ముడి గట్టిగా పడిందో లేదో రెండుసార్లు లాగి చూసింది.