కోతపండుగకు అమ్మ ఇచ్చిన ఉప్పు

మా చెల్లెలు కవిత్వం రాస్తుంది. నేను లెక్కలు రాస్తాను. ఎవరి పెళ్లి ఏ తేదీన అయిందో, ఏ ఏడు వానలు ఎప్పుడు పట్టాయో ఇంట్లో నన్నే అడుగుతారు. అందుకే విజయనగరం సభలో చదవబోయే కవితను ముందు నాకు వినిపించింది.

అది మా అమ్మ మీద. నౌపడ ఉప్పుమడుల్లో కూలి చేసిన అమ్మ, చర్చి కోతపండుగకు ఉప్పు తెచ్చిన రోజు మీద. ఆ పండుగకు రైతులు కొత్త పంటలో కొంత తెచ్చి వేదిక ముందు పెడతారు. మాకు సెంటు భూమి లేదు. కవితలో అమ్మ ఆ ఉదయమే మడిలో తీసిన ఉప్పును కొంగుచాటున తెచ్చి, ఏడుస్తూ వరికంకుల వెనక దాస్తుంది.

"బాగున్నాదా అప్పా?" అని అక్కనైన నన్ను అడిగింది.

"అమ్మ ఏడిసిందని నీకెవులు సెప్పినారే?"

"ఒకలు సెప్పాలేటి? నాకు గుర్తున్నాది. ఆ ఉప్పదనం ఇప్పటికీ నాలిక మీదున్నాది."

"కోతపండుగ నాటికి మడుల్లో ఉప్పెక్కడిదే? వాననీళ్లుంటాయి. అమ్మ ఎండాకాలంలోనే తెల్లటి రాళ్లు ఏరి కొత్తకుండలో దాసింది. సిగ్గుపడే మనిషి అన్ని నెల్లు దాస్తాదా?"

చెల్లెలు ముఖం ముడుచుకుంది. "కవితకి కూడా ఆడిట్టేటి? ఇన్నోలికి గుండె కరగాల."

"కరగనీ. అమ్మ తల మాత్రం దించకు."

ఆ రోజు అమ్మ ఉప్పుగంప నెత్తిన పెట్టుకుని అందరి మధ్య నుంచీ నడిచి, ధాన్యం బస్తాలకు ముందే దింపింది. ఏడ్చింది చెల్లెలు. పగిలిన పెదవితో దారిలో ఉప్పురాయి చప్పరిస్తే మంటెత్తింది. ఆ మాటే చెప్పాను.

"అయితే నా ఏడుపు అమ్మకి అంటగట్టీసినానా?" అంటూ కాగితం మడిచి వెళ్లిపోయింది. మార్చిందో లేదో చెప్పలేదు.

సభలో నాకు భయంగానే ఉంది. మా అమ్మను ఎన్నడూ చూడనివాళ్లకు ఈ కవితే అమ్మ.

చెల్లెలు చదివింది. ఎండాకాలం వచ్చింది, కొత్తకుండ వచ్చింది. అమ్మ పక్కన ఏడుస్తూ నడిచే పిల్ల వచ్చింది. ఆ పిల్ల తలెత్తి చూస్తే, గంప కింద అమ్మ నవ్వుతోంది.

ఆ నవ్వు నా లెక్కలో లేదు. నేను అమ్మ వెనక నడిచాను. ముఖం చూసింది చెల్లెలే.

"ఎవులమ్మా ఆ తల్లి?" అంది పక్కనున్నావిడ.

"మా అమ్మే" అన్నాను, ముందు వరసకు కూడా వినపడేలా.